అక్క విసిరిన వైరు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు అడిగితే చెప్పగలిగినవాళ్ళు చాలా తక్కువ. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ టైపు పిన్ని. పెళ్ళికి ముందే టైపు నేర్చుకుంది. కీల వంక చూడకుండా, గుమ్మంలో నిలబడ్డవాళ్ళతో కబుర్లు చెబుతూనే పేజీకి పేజీ కొట్టేస్తుంది. ఎంత కోడిగీతల రాతైనా ఆవిడ ముందు పెడితే అచ్చేసిన పుస్తకంలా బయటికొస్తుంది. చదివే పిల్లల ప్రాజెక్టులూ వకీళ్ళ కాగితాలూ అన్నీ ఆవిడ చేతుల మీదుగా వెళ్ళవలసిందే.

ఆవిడ కంప్యూటర్ వీధివైపు కిటికీ పక్కన ఉంటుంది. బుద్ధి ఉన్నవాళ్ళెవరూ దాన్ని అక్కడ పెట్టరు. మధ్యాహ్నం అయ్యేసరికి ఎండ తిన్నగా వచ్చి తెర మీద కూర్చుంటుంది. పిన్ని మానిటర్ నెత్తిన ఒక అట్టముక్క నిలబెట్టుకుని, కళ్ళు చికిలించుకుని, చెమటలు కక్కుతూ పని చేస్తుంది. "లోపలి గదిలో చల్లగా ఉంటుంది కదమ్మా, అక్కడికి మార్చుకోవచ్చుగా" అని కూతురు అడిగినప్పుడల్లా ఒకటే జవాబు.

"వైరు చాలదే."

ఆ వైరు ఎదురింటి కిటికీలోంచి వస్తుంది. ఎదురింట్లో ఉండేది ఎవరో కాదు, ఆవిడ తోడికోడలు. పెద్ద కోడలు కాబట్టి పిన్నికి అక్క.

ఒకప్పుడు ఇద్దరూ ఆ ఎదురింట్లోనే ఉండేవాళ్ళు. అప్పటికింకా కంప్యూటర్లు ఇళ్ళలోకి రాలేదు. పిన్ని దగ్గర ఒక పాత టైపు మిషను ఉండేది. పనులన్నీ అయ్యాక దాని ముందు కూర్చుంటే ఇల్లంతా టకటకలాడిపోయేది. ఒకరోజు చుట్టాలు వచ్చిన వేళ, పిన్ని పక్క గదిలో ఉందని తెలియక, అక్క నోరు జారింది. "ఈ మిషను పెట్టుకుని మా తలలు తినేస్తోందండీ. చెవుల్లో మేకులు కొడుతున్నట్టుంటుంది" అంది. చుట్టాలు నవ్వారు. ఆ నవ్వు పిన్నికి పుండు మీద కారం చల్లినట్టయింది. మిషనుకి గుడ్డ కప్పేసింది. కొన్నాళ్ళకి ఎదురుగా ఇల్లు ఖాళీ అయితే, మొగుణ్ణి కూర్చోనివ్వకుండా నిలబడనివ్వకుండా చేసి అందులోకి మారిపోయింది. అలిగి వెళ్ళినావిడ ఊరవతలికి వెళ్ళాలి గానీ ఎదురింటికి వెళ్తుందా అని మీరు అడగవచ్చు. పిన్ని అలకే అంత. దూరం వెళ్ళి అలిగితే ఎదుటివాళ్ళకి కనబడదు కదా.

ఆ తర్వాత అన్నదమ్ములు మామూలుగానే రాకపోకలు సాగించారు. పిల్లలు ఏ ఇంట్లో ఆకలేస్తే ఆ ఇంట్లో తిన్నారు. ఈ ఇద్దరు మాత్రం ముఖాలు చాటేసుకున్నారు. పిన్ని ఆ గడప తొక్కలేదు. అక్క కూడా రమ్మని పిలవలేదు. ఏళ్ళు గడిచిపోయాయి.

కంప్యూటర్ వచ్చింది. పనంతా మెయిల్లో పంపమని పని ఇచ్చేవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. నెట్ కంపెనీవాళ్ళ లైను అక్క వాళ్ళ వైపు స్తంభాల మీదే ఉంది, వాళ్ళింటికి నెట్ వచ్చేసింది కూడా, ఇటువైపు రేపో మాపో అంటూ కాలం గడిపేశారు. పిన్ని టైపు చేసినదాన్ని పెన్ డ్రైవులో వేసుకుని, కొంగు చాటున దాచుకుని, వీధి చివరి నెట్ సెంటర్‌కి పరిగెత్తేది. ఒక వానరోజు అలాగే బయల్దేరి మెట్ల మీద జారి కూలబడింది. దెబ్బ పెద్దది కాదు గానీ, లేచి ముందు చూసుకున్నది మోకాలిని కాదు, పెన్ డ్రైవుని. తర్వాత తలెత్తితే ఎదురింటి కిటికీలో అక్క. చటుక్కున పక్కకి తప్పుకుంది.

మర్నాడు పొద్దున్న పిన్ని కిటికీ ఊచలకి ఏదో ధన్‌మని తగిలింది. చూస్తే వీధిలో ఒక బంగాళాదుంప. దానికి పురికొస, పురికొస చివర ఒక పొడుగాటి వైరు. వైరు వెంట చూపు పోనిస్తే ఎదుటి కిటికీలో అక్క, కొంగు నడుముకి దోపుకుని, దుంపను వెనక్కి లాక్కుంటోంది. రెండోసారి విసరబోతూ గట్టిగా అరిచింది.

"పట్టుకో!"

అన్నేళ్ళ తర్వాత అక్క తనతో అన్న మొదటి మాట అదే. పిన్ని పట్టుకుంది.

వైరు రెండు ఇళ్ళ మధ్య వేలాడింది. పిన్ని కంప్యూటర్‌కి నెట్ వచ్చింది. అంతమాత్రాన ఇద్దరూ కావలించుకున్నారనుకునేరు. అదేం లేదు. అక్కవైపు నెట్ డబ్బాలో గుచ్చే ప్లగ్గుకి, ఊడకుండా పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ నాలుక ఒకటి ఉంటుంది, అది మొదట్లోనే విరిగిపోయింది. గాలి గట్టిగా వీస్తే చాలు, ప్లగ్గు ఊడి వచ్చేసేది. అప్పుడు పిన్ని కిటికీలోంచి కేకేసేది.

"అక్కా, ఊడింది!"

"ఆగు, పెడుతున్నా!"

మొదట్లో ఈ రెండు మాటలే. తర్వాత్తర్వాత ప్లగ్గు పెట్టేసిన అక్క వెంటనే కిటికీ దగ్గర నుంచి కదిలేది కాదు. "ఏం కూర చేశావ్?" అనేది. "నీ మోకాలెలా ఉంది?" అనేది. పిన్ని కూడా చేస్తున్న పని పక్కన పెట్టేది. కూతుళ్ళ గురించీ మొగుళ్ళ గురించీ వీధికి అడ్డంగా మాటలు సాగిపోయేవి. వైరు కింద నడిచేవాళ్ళు రెండు ఇళ్ళ సంగతులూ పైసా ఖర్చు లేకుండా వినేసేవాళ్ళు.

ఆ ప్లగ్గు మార్చడం క్షణంలో పని. "కొత్తది బిగిస్తే మళ్ళీ ఊడదమ్మా, నేను తెస్తా" అని కూతురు ఎన్నోసార్లు అంది. "ఎందుకూ, పని చేస్తోందిగా" అని పిన్ని కొట్టిపారేసేది. విచిత్రం ఏమిటంటే, అటు పెద్దమ్మని అడిగినా అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు. ఒక్కోరోజు ఆకు కదలకపోయినా వైరు ఊడేది. ఎందుకు ఊడిందో పిన్ని అడిగేది కాదు.

ఇలా నడుస్తుండగా ఒకరోజు ఎవరివో ఇంటి సామాన్లు వేసుకుని ఒక లారీ ఆ వీధిలోకి వచ్చింది. పైన కట్టిన బీరువా కాలు వైరుకి తగులుకుంది. డ్రైవర్ చూసుకోలేదు. ఫట్‌మని తెగిన వైరు లారీ వెంట కొంతదూరం ఈడ్చుకుపోయి, దుమ్ములో పడింది. పిన్ని గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఎదుటి కిటికీలో అక్క కూడా అలాగే నిలబడింది. కేకేయడానికి ఇద్దరికీ మాట లేదు. ఊడింది అనడానికి అది ఊడలేదు, తెగిపోయింది.

"పీడా వదిలింది" అంది సాయంత్రం పని నుంచి వచ్చిన కూతురు. మర్నాడు వస్తూ వస్తూ చిటికెన వేలి గోరంత నల్ల వస్తువొకటి తెచ్చింది. "నీ పాత కంప్యూటర్‌కి వైఫై అందుకునే శక్తి లేదు కదా, ఇది గుచ్చితే వస్తుంది. యూఎస్‌బీ అడాప్టర్ అంటారు. పెద్దమ్మ వాళ్ళ డబ్బా నుంచి గాల్లోనే అందుకుంటుంది. ఇక వైరూ వద్దు, ఊడడమూ ఉండదు, కిటికీ దగ్గర ఎండలో మాడే ఖర్మా లేదు."

పిన్ని దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. కూతురు చెప్పిన సుఖాలన్నీ ఒక్కొక్కటే ఆవిడ గుండెలో కలుక్కుమన్నాయి. ఊడకపోతే అక్కని ఏమని పిలవాలి? ఊరికే పిలిచి కబుర్లాడడం ఆ ఇద్దరికీ చేతకాదు. వైరు పేరు చెప్పుకునే ఇన్నాళ్ళూ మాట్లాడుకున్నారు. అది కాస్తా పోతే మళ్ళీ ఆ పాత మౌనమే మిగులుతుందని ఆవిడకి భయం పట్టుకుంది. ఈ వయసులో ఇంకోసారి అలా బతకడం తన వల్ల కాదు.

కూతురు అడాప్టర్ని కంప్యూటర్ ముందువైపు సందులో గుచ్చింది. చిన్న దీపం నీలంగా మినుకుమంది. తెర మీద చుట్టుపక్కల ఇళ్ళ వైఫై పేర్లు వరసగా వచ్చాయి. అందులో అక్క వాళ్ళదీ ఉంది, పక్కన తాళం బొమ్మతో.

"పాస్‌వర్డ్ కావాలి. పెద్దమ్మని అడుగు."

పిన్ని కిటికీ దగ్గరికి వెళ్ళింది. గొంతు సవరించుకుంది. "అక్కా! పాస్‌వర్డ్ కావాలట!"

అక్క కిటికీలోకి వచ్చింది. "డబ్బా అడుగున అంటించి ఉందే. చీమ తలకాయలంత అక్షరాలు, నాకేం కనబడి చస్తాయి? అయినా వీధంతా వినేలా అరిచి చెప్పమంటావా?"

"ఉండమ్మా, నేను వెళ్ళి చూసొస్తా" అని కూతురు చెప్పులు వేసుకోబోయింది. అది అక్క కళ్ళపడింది.

"దాన్ని కాదు. నిన్ను రమ్మంటున్నా."

పిన్ని బల్ల మీది పెన్ను తీసుకుంది, కొంగు సర్దుకుంది, వీధి దాటింది. నాలుగంగల వీధి అది. దాటడానికి సగం జీవితం పట్టింది.

ఇల్లు పెద్దగా మారలేదు. తను టైపు మిషను పెట్టుకున్న మూల ఖాళీగానే ఉంది. కిటికీ పక్కన ఒక కుర్చీ, చేతులు ఆనేచోట రంగు పోయి నున్నబడింది. కుర్చీ పక్కన నేల మీద, తెగిన వైరు తాలూకు మిగులు, చక్కగా చుట్టి పెట్టి ఉంది. చాలా పెద్ద చుట్ట. పిన్ని ఇంటి లోపలి గదే కాదు, వెనక పెరటిదాకా వస్తుంది.

"ఇంత వైరు ఉందా అక్కా?" అంది పిన్ని.

"మొదటి నుంచీ ఉంది. నువ్వు లోపలికి మారతానంటే ఇద్దామనుకున్నా. అడక్కపోతే బాగుండు అని కూడా అనుకున్నా." అక్క కుర్చీలో కూర్చుంది. "నువ్వు వెళ్ళిపోయాక ఈ ఇంట్లో నాకు నిద్ర పట్టలేదే. ఆ టకటక లేక. తిట్టినదాన్ని నేనేగా, ఏ మొహం పెట్టుకుని చెప్పను? తర్వాత నీకు కంప్యూటర్ వచ్చింది, దానికి చప్పుడే లేదాయె. ఇక్కడ కూర్చుంటే నీ చేతులు కదలడం కనిపిస్తుంది. అది చూసుకుంటూ కూర్చునేదాన్ని."

పిన్ని డబ్బా తిరగేసి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ అరచేతిలో రాసుకుంది. రెండు అక్షరాలు కన్నీళ్ళకి అలుక్కుపోతే మళ్ళీ రాసుకోవలసి వచ్చింది.

"ఇక నీడపట్టుకి మారిపోతావుగా?" అని అడిగింది అక్క, కిటికీలోంచి బయటికి చూస్తూ. పిన్ని గుప్పెట మూసుకుని ఇంటికి వచ్చేసింది.

అరచెయ్యి చూసుకుంటూ పాస్‌వర్డ్ కొట్టింది. తాళం బొమ్మ పోయింది, నెట్ వచ్చింది. కూతురు చప్పట్లు చరిచింది. "హమ్మయ్య! పదమ్మా, చెరో వైపూ పట్టుకుని బల్లని లోపలి గదిలోకి జరిపేద్దాం."

"వద్దు. అక్కడ సిగ్నల్ రాదు."

"ఇంకా పెట్టి చూడనే లేదుగా!"

"నాకు తెలుసు" అంది పిన్ని.

అట్టముక్కని తీసి మానిటర్ మీద సరిగ్గా నిలబెట్టుకుంది. ఎదురింటి కిటికీ దగ్గర కుర్చీ జరిగిన చప్పుడైంది. పిన్ని తలెత్తలేదు. వేళ్ళు బాగా కనబడేలా కీబోర్డుని కిటికీ వైపుకి కొంచెం జరుపుకుని, టైపు చేయడం మొదలుపెట్టింది.