ఎవలు తీస్తరు?

వేడి కాగితాల వాసన నా ముక్కుకి అలవాటైపోయి చాలా ఏళ్ళయింది. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య జిరాక్స్, డీటీపీ దుకాణం నడిపేదానికి వేరే వాసన ఏముంటుంది కనక! కానీ మొన్న ఒక అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి గారు గోడలకు అంటించే నోటీసు టైపు చేయించి తెచ్చి, కాపీలు తియ్యమన్నారు. మొదటి కాగితం మిషన్‌లోంచి వెచ్చగా నా చేతిలోకి వచ్చింది. ‘ఇచ్చట నిలిపిన వాహనములు తీసివేయబడును’ అని ఉంది. ఆ వాసనా ఆ వాక్యమూ ఒక్కసారిగా తగిలేసరికి నా నోట్లోంచి, నాది కాని యాసలో, ఒక మాట జారిపోయింది. “ఎవలు తీస్తరు?”

కార్యదర్శి గారు నన్ను ఎగాదిగా చూశారు. “ఎవరో ఒకరు తీస్తారు లేమ్మా, నీకెందుకు?” అన్నారు. నాకెందుకో చెప్పాలంటే యాదగిరి గారి గురించి చెప్పాలి. గేటు ముందు బండి పెట్టిన ఎవడి మీదో చిరాకుగా ఉన్న మనిషికి అదంతా ఏం చెబుతాను? కాపీలు లెక్కపెట్టి ఇచ్చి పంపించాను. ఆయన వెళ్ళాక చాలాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు.

యాదగిరి గారు మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు పెన్షన్ కాగితాల కోసం వచ్చారనుకున్నాను. అరవై దాటిన భారీ మనిషి. చొక్కా జేబులోంచి దర్జీల టేపు తోక బయటికి వేలాడుతోంది. చిక్కడపల్లిలో ఒక నర్సింగ్ హోములో గాయాలకు కట్లు కట్టే పని చేసేవారనీ, అంతకు ముందు సైన్యంలో దెబ్బతిన్నవాళ్ళని స్ట్రెచర్ మీద మోసే పని చేశారనీ తర్వాత తెలిసింది. పెన్‌డ్రైవ్ ఇచ్చి, అందులోని మూడు ఇంగ్లీషు పుస్తకాలు ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చెయ్యమన్నారు. మా పేటలో అందరూ అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. “ఏ ఎగ్జామ్‌కండీ?”

“ఎగ్జామ్‌కు కాదు బిడ్డా, లడాయికి” అన్నారు, నవ్వకుండా.

ఆయన చెప్పింది బొమ్మల లడాయి. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికుల్ని బల్ల మీద నిలబెట్టి, టేపుతో అంగుళాలు కొలిచి జరుపుతూ, పాచికలు వేసి గుండు తగిలిందో లేదో తేల్చుకునే ఆట. రాజులూ ఏనుగులూ ఉండవు. ఈ కాలపు తుపాకులు, ఈ కాలపు సందుగొందులు. ఒక్కో పక్షాన ఆరేడుగురే. ఒక బొమ్మంటే ఒక మనిషి. నారాయణగూడలో మూతపడ్డ కుట్టుమిషన్ల రిపేరు షాపు పైగదిలో ఆదివారం పొద్దుటిపూట నలుగురు చేరి ఆడేవారు. చేతిలో మూడు పుస్తకాలు, నలుగురిదీ తలో రూలు, దాంతో ఆట కన్నా కొట్లాట ఎక్కువైందట. మూడింట్లో ఒక దాన్ని ఎంచుకుని దానికే కట్టుబడి ఉండాలని తీర్మానించుకున్నారు. ఎంచుకునే ముందు ఒక్కో పుస్తకం సారాన్ని ఒక్కో పేజీ తెలుగులో టైపు చెయ్యమని నన్నడిగారు. గడ్డాలు నెరిసినవాళ్ళకి ఇదేం పిల్లచేష్ట అని మొహం మీదే అనేశాను. నా నోరు అలాంటిది.

“పిల్లచేష్టే బిడ్డా” అన్నారాయన. “అందుకే రూల్సు సక్కగుండాలె.”

మొదటి పేజీ టైపు చేసి ఇచ్చాను. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, వేలు పెట్టి ఒక్కో లైనూ చదివారు. వేలు ఒకచోట ఆగిపోయింది. గుండు తగిలిన బొమ్మ సంగతి నేను ‘పడిన సైనికుణ్ణి బల్ల మీది నుంచి తీసివేయాలి’ అని రాశాను. ఇంగ్లీషులో ఉన్నదే రాశాను, అందులో నా తప్పేముంది?

“తీసివెయ్యాలె అని రాసినవ్ గదా. ఎవలు తీస్తరు?”

“ఆడేవాళ్ళేనండీ. చేత్తో తీసి పక్కన పెడతారు.”

“నేనడిగేది గది కాదు. సందుల పడ్డడు మనిషి. ఎవలు పోతరు ఆన్ని తేనీకి? ఎవని పేరు రాయాలె ఆడ?”

నాకు విసుగొచ్చింది. బయట అప్లికేషన్ల గడువు ముగిసేవాళ్ళు క్యూ కట్టి ఉన్నారు. ప్లాస్టిక్ బొమ్మకి పేర్లేంటండీ అన్నాను. ఆయన కోప్పడలేదు. క్యూ అంతా తగ్గేదాకా స్టూలు మీద కూర్చున్నారు. తర్వాత, ఆ కాగితాన్ని మడతపెడుతూ, ఎవరికో జరిగినట్టు చెప్పారు.

“కొండ మీద ఇద్దరు పడ్డరు. ఒకన్ని నేను, నా జోడీదారు కలిసి మోసుకొచ్చినం. రెండోవాన్ని అవతలి జోడీ తెచ్చిన్రనుకున్నం. ఆళ్ళేమొ మేం తెచ్చినమనుకున్నరు. పొద్దుగూకంగ రాసిన కాయితంల ‘ఇద్దర్ని తెచ్చుడైంది’ అని ఉండె. ఎవలు తెచ్చిన్రో రాయలే. తెల్లారి పోయి చూసినం.”

“చూస్తే?”

“దెబ్బతోని పోలే బిడ్డా. చలికి పోయిండు.”

నేను ఆ లైను కొట్టేసి, ఆయన చెబుతూంటే మళ్ళీ టైపు చేశాను. కర్త లేని వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదన్నారు. ఆ రోజు నాకది చాదస్తంలా అనిపించింది. కానీ అది నా చేతివేళ్ళకి పట్టేసింది. కొన్నాళ్ళకి ఒకావిడ పోలీసు స్టేషన్‌లో ఇవ్వడానికి అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చింది. చిత్తుప్రతిలో ‘నన్ను కొట్టడం జరిగింది’ అని ఉంది. ఎవరు కొట్టారు తల్లీ అని అడిగాను. ఆమె చాలాసేపు ఫ్యాను వంక చూసి, చివరికి మొగుడి పేరు చెప్పింది. ఆ పేరు వాక్యానికి మొదట పెట్టి టైపు చేశాను.

మూడు పేజీలూ నేనే టైపు చేశాను కాబట్టి ఆ రూల్సు వాళ్ళందరి కంటే నాకే బాగా వచ్చేశాయి. తగువు తీర్చడానికి రమ్మని యాదగిరి గారు పిలిస్తే ఒక ఆదివారం వెళ్ళాను. తీర్పరిగా వెళ్ళినదాన్ని ఆటలో ఐదోదాన్నై కూర్చున్నాను. ఖాళీ మందుల డబ్బాలతో ఆయన ఇళ్ళు కట్టారు. కిటికీలు కోసి, ఒక బాల్కనీలో దారం కట్టి, దాని మీద గోరంత గుడ్డపీలికలు కూడా ఆరేశారు. మూడు ఆదివారాలు ఒకే ఆట, మూడు పుస్తకాలతో. ఒక సందు దాటి ఎదురింట్లోకి చేరాలి, అంతే.

లావు పుస్తకంతో మధ్యాహ్నం దాటినా సగం సందు దాటలేదు. గాలి వాలు దగ్గర్నుంచి లెక్క చూడమంటుంది, దాన్ని అందరం కలిసి కొట్టేశాం. రెండోది యాదగిరి గారు మనసుపడ్డది. అందులో పడ్డ బొమ్మ పడ్డచోటే ఉంటుంది. ఇద్దరు తుపాకులు భుజాన వేసుకుని వెళ్ళి మొయ్యాలి. మోస్తున్నంతసేపు నడవాల్సినదాంట్లో సగం దూరమే నడవాలి, కాల్చకూడదు. ఎవరూ వెళ్ళకపోతే మిగిలినవాళ్ళందరికీ ధైర్యం తగ్గుతుంది. మూడోది రెండే రెండు పేజీలది. పడితే తీసెయ్యడమే. ముప్పావుగంటలో ఆట అయిపోతుంది.

మూడోదే కావాలన్నవాడు కిరణ్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాంనగర్‌లో ఇల్లు, వారానికి ఒక్క పూటే ఖాళీ. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. “అంకుల్, అవుట్ అంటే అవుట్. కబడ్డీల గీత బయటికి పోయి కూసుంటం గదా, గట్లనే” అన్నాడు.

“కబడ్డీల కూసున్నోడు మల్ల లోపటికొస్తడు, కిరణూ” అన్నారు యాదగిరి గారు.

నచ్చిన పుస్తకం మీద తలో పాచికా పెట్టమన్నారు. రెండో దాని మీద రెండు, మూడో దాని మీద రెండు పడ్డాయి. నా పాచిక నా చేతిలోనే ఉంది. కొండ మీద చలికి పోయిన మనిషి సంగతి ఆ గదిలో ఆయన కాక నాకొక్కదానికే తెలుసు. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు, అంత ధీమా నా మీద. కానీ ఒంటిగంటకల్లా ఇంటికెళ్ళి వంట చెయ్యాలి, రెండో పుస్తకమైతే రెండున్నరవుతుంది. నా పాచిక మూడో దాని మీద పెట్టాను. ఇంత చిన్న విషయానికి ఇన్నేళ్ళు సిగ్గుపడాల్సి వస్తుందని అప్పుడు తెలీదు.

“సరె తియ్” అన్నారాయన. అలగలేదు, మానలేదు. ప్రతి ఆదివారం మాకన్నా ముందే వచ్చి బల్ల తుడిచి ఇళ్ళు పేర్చేవారు. ఒక్క పని మాత్రం ఎవరికీ వదల్లేదు. ఏ పక్షం బొమ్మ పడినా ఆయనే లేచి, రెండు వేళ్ళతో తల కింద పట్టుకుని ఎత్తి, తన టిఫిన్ డబ్బా మూతలో వరసగా పడుకోబెట్టేవారు. కిరణ్ నవ్వేవాడు. నేను నవ్వలేదు కానీ, ఆపమనీ అనలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఆట మధ్యలో ఎర్రటోపీ బొమ్మ పడింది. యాదగిరి గారు దాన్ని తియ్యడానికి ముందుకి వంగారు. చెయ్యి బొమ్మ మీద ఆగిపోయింది. మూతి ఒక పక్కకి జారింది. మందుల డబ్బాల ఇళ్ళని తోసుకుంటూ బల్ల మీదికి ఒరిగి, అక్కడి నుంచి నేల మీదికి పడిపోయారు. అంబులెన్స్‌కి ఫోన్ చేశాం. అది వచ్చింది కానీ, పైపుల కోసం ఆ షాపున్న సందు తవ్వేసి ఉండడంతో మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. మిగతా ఇద్దరూ స్ట్రెచర్‌కి దారి చూపడానికి పరిగెత్తారు. గదిలో నేనూ కిరణూ మిగిలాం.

“అక్కా, మోసుకుపోదాం” అన్నాడు కిరణ్.

వాడు కాళ్ళు పట్టుకున్నాడు, నేను చంకల కింద చేతులు వేశాను. ఇద్దరం మోస్తే సగం దూరమే నడవగలమని నేను స్వయంగా టైపు చేశాను. సగం కూడా ఎక్కువే. ఆరడుగులకోసారి ఆగాల్సి వచ్చింది. మెట్లు ఒక మనిషి దిగేంత ఇరుకు. కిరణ్ ముందు, నేను వెనక, మెల్లగా దిగుతున్నాం. ఆయన పెదవులు కదిలాయి. మాట ముద్దగా వచ్చింది. “కాళ్ళు... ముందుగాల... కాళ్ళు...”

మా ఇంట్లో మనిషిని కాళ్ళు ముందు పెట్టి గడప దాటించేది ఒక్కసారే, ప్రాణం పోయాక. ఆయనకి తెలిసిపోయింది, అలా తీసుకెళ్ళొద్దంటున్నారు, అనుకున్నాను. “కాళ్ళు ముందు వద్దు కిరణ్, అపశకునం! తిప్పు, తిప్పు!” అని అరిచాను. మెట్ల మలుపులో, గోడకి ఆయన భుజం గీసుకుంటూండగా, అంత భారీ మనిషిని ఎలా తిప్పామో తెలీదు. ఎంతసేపు పట్టిందో కూడా తెలీదు. ఆ తర్వాత మిగిలిన మెట్లన్నీ దిగేదాకా ఆయన తల కిందికి, కాళ్ళు పైకి ఉన్నాయి. మొహం నల్లబడడం నా కళ్ళతో చూశాను. ఇంకా మాట్లాడాలని చూశారు, రాలేదు.

మెట్ల కిందికి స్ట్రెచర్ తెచ్చిన మనిషి మమ్మల్ని చూసి కేకేశాడు. “అట్ల తెస్తున్నరేందమ్మా? మెట్లు దిగెటప్పుడు కాళ్ళే ముందుగాల రావాలె. తలకాయ పైకుండాలె. ఎవలు చెప్పిన్రు మీకు?”

ఆయన మాకు చెప్పిందీ అదే. సైన్యంలో మనుషుల్ని కొండలు దింపినాయన, మాట పోతున్న నోటితో, తనని ఎలా మొయ్యాలో మాకు నేర్పించారు. నేను దాన్ని చావు కలవరింత అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం యాదగిరి గారు పోయారు. మెట్ల మీద ఏం జరిగిందో డాక్టరు అడగలేదు. అది కాకపోతే బతికేవారా అని నేనూ అడగలేదు, అడిగే ధైర్యం లేక. ఆసుపత్రి రిజిస్టరులో ‘తెచ్చినవారి పేరు’ అని ఒక గడి ఉంది. కిరణ్ పెన్ను పట్టుకుని రాయలేక నాకిచ్చాడు. రెండు పేర్లూ నేనే రాశాను. ఆ గడి ఖాళీగా ఉండకపోవడం ఒక్కటే ఆ రోజు ఆయనకి మేం చెయ్యగలిగింది.

పదిహేను రోజులకి కిరణ్ దుకాణానికి వచ్చాడు. ఎర్రటోపీ బొమ్మ వాడి జేబులో ఉంది. “రూల్స్ మళ్ళ టైప్ చెయ్ అక్కా. రెండో బుక్‌ది” అన్నాడు. మొదటి పేజీ మీద ఇలా టైపు చేశాను: పడినవాణ్ణి దగ్గరున్న ఇద్దరు మొయ్యాలి. ఆ ఇద్దరి పేర్లు ఆడేవాళ్ళు రాయాలి. చివర, ఏ పుస్తకంలోనూ లేని లైను ఒకటి నేనే కలిపాను: మెట్లు దిగేటప్పుడు మోసేవాళ్ళు పడినవాడి కాళ్ళు ముందు ఉంచాలి.

ఇప్పటికీ ఆ గదిలో ఆదివారాలు ఆట సాగుతోంది, రెండున్నర దాకా. కొత్తగా చేరినవాళ్ళు ఆ ఆఖరి లైను చదివి, మన బల్ల మీద మెట్లే లేవు కదా, ఇదెందుకు అని అడుగుతారు. కిరణ్ తల వంచుకుంటాడు. చెప్పాల్సింది నేనే. ఆ రోజు మెట్ల మలుపులో ఆయన్ని తిప్పడం జరిగింది అని చెబితే సులువుగా ఉంటుంది, ఎవరూ ఇంకేం అడగరు. కానీ ఆ వాక్యంలో ఆయన వేలు ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు.

నేను తిప్పాను.