మెచ్చి ఇచ్చిన రవికెగుడ్డ

యుద్ధం నడుస్తున్న రోజుల్లో, నరసరావుపేట నుంచి నాదెండ్ల పోయే దారిలో ఉన్న ఒక పొగాకు షెడ్డులో నేను మేస్త్రీని. నలభై మంది ఆడవాళ్లు బారుగా కూర్చుని, ఎండిన ఆకును రంగును బట్టి ఏరి కుప్పలు పెట్టేవాళ్లు. అందరిదీ ఒకే పల్లె, ఒకే చర్చి. పని నత్తనడక నడుస్తోందని యజమాని రోజూ నా మీద ఎగిరేవాడు. తిట్టి చేయించడం మోటుతనమనీ, మనుషుల్ని మెప్పుతో మార్చవచ్చనీ నా నమ్మకం. నా తెలివి మీద నాకు అప్పట్లో అంత గురి.

వాళ్లలో ఒకామె చేయి మహా చురుకు. ఒక సోమవారం ఆమెను అందరి ముందూ నిలబెట్టి, యజమాని చేత రవికెగుడ్డ ఇప్పించాను.

"రేపట్నుంచి అందరూ ఈమె చేసినంత చెయ్యాల్సిందే" అన్నాడాయన. ఆ మాట నేను చెప్పమనలేదు. అడ్డుకోనూ లేదు.

మధ్యాహ్నం ఆ ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని, తెచ్చుకున్న కూరలూ పచ్చళ్లూ నడుమ పెట్టుకుని పంచుకు తినేవాళ్లు. మర్నాడు ఆమె గిన్నె పట్టుకుని వెళితే ఎవరూ జరగలేదు.

"రవికెగుడ్డ ఇచ్చారుగా, అది నంజుకో పోవే" అంది ఒకామె. అందరూ నవ్వారు. ఆమె గోడవైపు తిరిగి ఒక్కతే తింది.

నాలుగు రోజులు చూసి, అయిదో రోజు ఉండబట్టలేక వెళ్లాను.

"ఏంది మీరు చేసేది? చోటియ్యండి ఆమెకు" అని కసిరాను.

కిక్కురుమనకుండా జరిగారు. ఆమె కూర్చుంది. అప్పుడు ఎవరి గిన్నె వాళ్లు ఒళ్లోకి లాక్కున్నారు. ఇంక దానికి నేనేం చెప్పను? కూర పంచుకోండని హుకుం జారీ చెయ్యనా?

సాయంత్రం ఆమె వచ్చి చేతులు జోడించింది. "అయ్యా, మీకు పున్నెముంటది. నా గురించి ఇంకేం మాట్లాడమాకండి. వాళ్లతోనే బతకాల నేను."

ఆ తర్వాత ఆమె చేయి నెమ్మదించింది. కావాలనే రంగులు కలిపేసేది. నాకు తెలుస్తూనే ఉంది, నోరెత్తలేదు. అలాగైనా ఆమెను కలుపుకుంటారేమోనని ఆశ.

వారం తిరిగాక యజమాని ఆమె కుప్ప చూశాడు. "గుడ్డ ఇచ్చేసరికి కొవ్వెక్కింది. లేచి పో, మళ్లీ రామాక" అన్నాడు. తప్పు నాదని చెప్పబోయాను.

"నీ మెప్పుల సంగతి చూశాంలే" అన్నాడు.

అన్నాల వేళ అది. ఆమె గిన్నె తీసుకుని వెళ్లిపోతుంటే, ఆ రోజు రవికెగుడ్డ నంజుకోమన్న ఆమే లేచి చెయ్యి పట్టుకుంది. "ఖాళీ కడుపుతో ఏడకే? రా, తిని పో." అందరూ జరిగారు. నడుమ కూర్చోబెట్టి తలా ఒక ముద్ద కలిపి పెడుతుంటే, ఆమె ఏడుస్తూనే తింటోంది.

క్షమించమని అడుగుదామని వాళ్ల వైపు ఒక్క అడుగు వేశాను. నన్ను చూసి అందరి చేతులూ ఆగిపోయాయి. ఆ నాలుగు ముద్దలు కూడా ఆమెకు దక్కకుండా చేస్తానేమోనని భయం వేసి, గబగబా బయటికి వచ్చేశాను.