మ్యూట్‌లో ఉన్న మైకు

దయ్యాల కథ చెప్పేవాళ్ళ దగ్గర సగంలోనే లేచి వచ్చేసే రకం నేను. ఎవరేం చెప్పినా ముందు అనుమానపడతాను. మా అమ్మయితే "గిది నా కడుపున పుట్టిన పోలీసు" అంటుంది. నాకు జరిగింది కూడా అలాగే, అనుమానపడుతూనే చెబుతాను.

మాది వికారాబాద్. ఊళ్ళో ఒక సెల్‌ఫోన్ షాపులో రిపేర్లు చేస్తాను. మా నాయిన గొర్రెల కాపరి. గొంతులో గడ్డ లేచిందని ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది కానీ మాట పోయింది. కేక వేయలేని మనిషి మంద కాయలేడు. తాండూరు దగ్గరి మల్లప్ప అనే ఆయనకు మంద మొత్తం అమ్మేశాం.

ఆయన బిడ్డ శిరీషకు వీడియో గేములంటే పిచ్చి. నాకూ అంతే. మంద అప్పగించిన రోజే దోస్తులమయ్యాం. మొన్నామధ్య కొత్త గేమింగ్ కన్సోల్ వస్తే ఇద్దరం కొనుక్కున్నాం. ఆమె తాండూరులో, నేను వికారాబాద్‌లో కూర్చుని, ఆన్‌లైన్‌లో కలిసి కొండలెక్కే ఆట ఆడేవాళ్ళం. మిషన్ మాత్రం మస్తుంది. ఆటలో వాన పడితే చేతిలోని కంట్రోలర్ చినుకు చినుకుకీ వణుకుతుంది. మైకు దాంట్లోనే ఉంటుంది. మ్యూట్ నొక్కితే నారింజ రంగు లైటు వెలుగుతుంది.

ఆ వణుకు నాయినకు నచ్చింది. నేను సాయంత్రం మైకు మ్యూట్ చేసి చాయ్ పెట్టడానికి లేస్తే కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

ఒకరోజు చాయ్ తీసుకుని తిరిగొచ్చి మ్యూట్ తీయగానే శిరీష సంబరంగా అంది. "అక్కా, మీ నాయినకు మాటొచ్చిందా? జర చెప్పొద్దా నాకు!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గట్టిగా తిట్టాను. పాపం, ఏడుపు గొంతుతో తాను విన్న కేక వేసి చూపించింది. రెండుసార్లు పొట్టిగా, మూడోసారి సాగదీసి, చివర నాలుకతో టక్కుమనే చప్పుడు. అచ్చం మా నాయిన మందను పిలిచే కేకే.

ఆ పిల్ల మా నాయిన గొంతు ఎన్నడూ వినలేదు. మంద అమ్మేనాటికే ఆయనకు మాట లేదు. రికార్డింగ్ కూడా ఎక్కడా లేదు. ముందర మంద లేకుండా ఆ కేక వేయొద్దని మా ఇంట్లో కట్టడి. వేస్తే ఎక్కడో ఉన్న గొర్రెలు దారి తప్పుతాయని నమ్మకం. అందుకే ఇంట్లో ఎవరమూ సరదాకైనా వేయలేదు, ఫోన్లో పట్టలేదు.

"ఇంకో మాట అక్కా," అంది శిరీష. "గా కేక ఇనంగనే గొర్లన్నీ మా గడప కాడికి ఉరికొచ్చినయ్."

నాకు మల్లప్ప మీద అనుమానమొచ్చింది. మంద ఆయన మాట వినడం లేదని ముందే తెలుసు. నాయినను కాపలాకు పిలిపించుకోవడానికి కూతురితో నాటకమాడిస్తున్నాడనుకున్నాను. కన్సోల్ మీదా అనుమానమొచ్చింది. పాస్‌వర్డ్ మార్చాను. మిషన్ విప్పి చూసి, మొత్తం చెరిపేసి కొత్తగా సెట్ చేశాను. ఆట ఆడినంతసేపూ రికార్డు చేసి విన్నాను. వాన చప్పుడు, శిరీష గొంతు, అంతే. మర్నాడు మళ్ళీ వినిపించిందని చెప్పింది.

లోపల మాత్రం ఒకటే ఆశ. అబద్ధమైనా సరే, నాయిన గొంతు ఒక్కసారి వినాలని.

బస్సెక్కి తాండూరు పోయాను. కంట్రోలర్ మ్యూట్ చేసి నాయిన చేతికిచ్చి, పక్కనే కూర్చుని ఆ లైటు చూస్తుండమని అమ్మకు చెప్పి వచ్చాను. మల్లప్ప ఇంటి ముందంతా నాపరాళ్ళ వాకిలి, అవతల గొర్రెల దొడ్డి. దాణా బకెట్టు ఎక్కడైనా దాచారేమోనని మూలమూలా చూశాను. శిరీష జేబులు కూడా తడిమాను. "ఏందక్కా గింత అనుమానం?" అని నవ్వింది.

పొద్దుగూకుతుండగా టీవీలో నా ఆట బొమ్మ కొండ మీదకొచ్చి నిలబడింది. అంటే కంట్రోలర్ నాయిన చేతిలో ఉంది.

"ఇగో అక్కా, ఇంటున్నవా?" అంది శిరీష.

వాకిట్లో మల్లప్ప తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను సౌండు పూర్తిగా పెంచాను. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో నాపరాళ్ళ మీద గిట్టల చప్పుడు. అన్నిటికంటే ముందు చెవి తెగిన ముసలి గొర్రె. పిల్లగా ఉన్నప్పుడు నాయిన సీసాతో పాలు పట్టి పెంచాడు దాన్ని. గడప మీద నిలబడి టీవీ వైపే చూసింది. వెనక మంద మొత్తం. మల్లప్ప అదిలించినా కదల్లేదు.

అమ్మకు ఫోన్ చేశాను. "నారింజ లైటు ఎలుగుతనే ఉన్నదే. మీ నాయిన ఊకె పెదాలు కదిలిస్తున్నడు. ఏం ఇనొస్తలేదు బిడ్డా," అంది.

అక్కడే కూలబడి ఏడ్చాను. పరాయి పిల్లకు వినిపించింది. గొర్రెలకు వినిపించింది. కన్న కూతురిని, నాకు వినిపించలేదు.

మర్నాడు ఇంటికి రాగానే నాయిన రెండు వేళ్ళతో తన చెవిని కత్తిరించినట్టు చూపించి, వచ్చిందా అన్నట్టు తలెగరేశాడు. వచ్చిందన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. ముందురోజు ఫోన్లో ఆ గొర్రె వచ్చిన సంగతి నేను అమ్మకు కూడా చెప్పలేదు.

శిరీషను అనుమానించాను, మల్లప్పను అనుమానించాను, మిషన్‌ను విప్పి మరీ చూశాను. ఆ గొర్రెను మాత్రం ఎట్లా అనుమానించాలో నాకు ఈనాటికీ తెలియడం లేదు. ఇప్పుడు ప్రతి సాయంత్రం శిరీష ఇంట్లో ఫోను టీవీ ముందు పెట్టించి, ఇక్కడ నా ఫోను సౌండు పెంచి చెవికి ఆనించుకుంటాను. గిట్టల చప్పుడు మాత్రం బాగా వినిపిస్తుంది.