వదిలిన నాలుగు సాళ్లు

కంది పూతకొచ్చిన వేళకు వాన ముఖం చాటేసింది. మొగుడంపల్లి వైపు ఉన్న మా చెలకలో ఎర్రమట్టి గట్టిపడి పగుళ్లిచ్చింది. నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. పొయ్యి మీద పప్పు పెట్టి కూడా చేనుకు పరుగెత్తేదాన్ని.

సముద్రపు నాచు రసం సంగతి మా మహిళా సంఘంలో విన్నాను. అది ఎరువూ కాదు, పురుగుమందూ కాదు. నీళ్లలో కలిపి ఆకుల మీద కొడితే మొక్క ఎండకు కొంత తట్టుకుంటుందని, వాడిపోకముందే కొట్టాలని వ్యవసాయాధికారి చెప్పాడు. కొన్ని సాళ్లు వదిలేస్తేనే అది పనిచేసిందో లేదో తెలుస్తుందన్నాడు. సంఘంలో అందరివీ వాన మీద ఆధారపడ్డ చేన్లే.

"ముందుగాల నువ్వు కొట్టి జూడక్కా. నువ్వు జెప్పినంక మేం తెస్తం" అన్నారు. సరేనన్నాను.

నేను తెచ్చిన రసం డబ్బా చూసి మా ఆయన నవ్వాడు. "సముద్రం నీళ్లు దెచ్చి కందికి తాపుతున్నవా? ఉప్పు సరిపోయిందో లేదో జర నాకి జూడు."

సాయంత్రం ఎండ చల్లబడ్డాక పంపు వీపుకు తగిలించుకుని చేనంతా కొట్టాను. గట్టు పక్క నాలుగు సాళ్లు మాత్రం వదిలేసి, గుర్తుకు పాత చీర పేలికలు కట్టాను.

ఆ తర్వాత నాకు స్థిమితం లేదు. మబ్బులు వచ్చేవి, కోహీర్ వైపు వెళ్లిపోయేవి. పొద్దున లేస్తూనే చేనుకు పోయి, ఎక్కడ పూత ఎక్కువ రాలిందో వంగి చూసేదాన్ని. రెండు వైపులా ఒకేలా కనిపించేది. ఒకరోజు మందు మీద అనుమానం, ఇంకోరోజు నా కళ్ల మీద. మధ్యలో ఆయన్ని ఊరికే కసురుకునేదాన్ని.

వాన లేకుండానే కాయ పట్టింది. విరగకాయలేదు గానీ పర్వాలేదు. పేలికలు కట్టిన సాళ్లలోనూ అంతే. మందు దండగని సంఘంలో చెప్పేస్తానని వడ్డిస్తూ గొణిగాను. ఆయన తింటున్న చెయ్యి ఆపాడు.

"గట్ల జెప్పకు. గా సాళ్లకు గూడ కొట్టిన."

"ఎప్పుడు?"

"నువ్వు కొట్టిన తెల్లారే. డబ్బల జర మిగిలింది గదా."

"ఎగతాళి జేసినోనివి, నువ్వెందుకు కొట్టినవ్?"

"నమ్మి కొట్టలే. అన్నిటికి వెట్టి గా నాలుగింటినే ఎండవెడ్తె సూడబుద్ధి కాలే. పంక్తిల కూసున్నోళ్ల ఇస్తార్లు దాటుకుంట పోతమా?"

ఒళ్లు మండిపోయింది. ముందున్న పళ్లెం లాగేద్దామనిపించింది. ఏం లాభం, చేతిలో ఉన్న గరిటెతో ఇంకాస్త పప్పు వేశాను.

మర్నాడు సంఘంలో అందరూ నా ముఖం కేసే చూశారు. "పనిజేసిందా అక్కా? శనగకు తేవాల్నా, వద్దా?"

"మా చేను నిలబడ్డది. మందుతోని నిలబడ్డదో, దానంతటదే నిలబడ్డదో నాకు తెల్వదు" అన్నాను.

వాళ్ల శనగ చేన్లు అప్పటికే తడి లేక వాడుముఖం పడుతున్నాయి. మందు పడక మా నాలుగు సాళ్లు ఎండి ఉంటే వాళ్లకు జవాబు దొరికేది. ఎండనందుకు నాకు సంతోషంగానే ఉంది. ఆ సంతోషంతో వాళ్ల మధ్య కూర్చోలేక లేచి వచ్చేశాను.