పాఠం చెడగొట్టలేకపోయిన రోజు

మా బడి ఒకే గది. అందులో ఐదు తరగతులు, ఇరవై ముగ్గురు పిల్లలు, నేనొక్కదాన్ని. తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. దేవరకొండలో బస్సెక్కి, దిగాక మూడు కిలోమీటర్లు నడిచేదాన్ని. అలాంటి బడిలో పాఠం చెప్పడమంటే ఒక్క పొయ్యి మీద ఐదు కూరలు వండటమే. చిన్నవాళ్లు చింతగింజలతో ఎంతసేపు కూర్చుంటారు, ఆలోపు పెద్దవాళ్లతో ఏం చేయించాలి, అన్నీ బస్సులోనే సర్దుకునేదాన్ని. పాఠ్యప్రణాళిక పుస్తకం వేరే ఉండేది. అది అధికారులు చూడటానికి.

నాలుగో తరగతిలో గొర్రెల కాపరుల పిల్ల ఒకతె ఉండేది. పంటలు కోశాక వాళ్లు మందను తోలుకుని సాగర్ ఆయకట్టు దాకా పోతారు, వానలకు తిరిగొస్తారు. పిల్లలూ వెంటే. ఆ ఏడు నేను వాళ్లింటికి నాలుగుసార్లు తిరిగి, బతిమాలి, ఒకసారి గట్టిగా పోట్లాడి కూడా, పిల్లను అవ్వ దగ్గర వదిలేలా ఒప్పించాను. తండ్రి ఒక్కటే షరతు పెట్టాడు.

"నేను వారానికోపారి బియ్యానికొస్త టీచరమ్మా. బడి నడుస్తుంటే ఉంటది. బందైతే మాత్రం తోల్కపోత. అవ్వకు కండ్లు కనవడయి, పొద్దంత పిల్లనెవలు చూస్తరు?"

"నేనుండంగ బడి ఎందుకు బందైతది?" అన్నాను. ఏం పొగరో నాకు.

ఆ పిల్లకు చదవడం అంతంతమాత్రమే. అయితే పటాల పాఠం నాడు, ముగ్గుపిండితో నేల మీద మన ఊరు గీయమంటే, ఊరు దాటి, గడప దాటి వాకిట్లోకి గీసుకుంటూ పోయింది. మంద పోయే దారంతా గీసింది. నీళ్లున్న చోట గులకరాయి, మంద ఆగే చోట చింతగింజ, కుక్కలు మీదపడే ఊళ్ల దగ్గర ఎండుమిరపకాయ పెట్టింది. ఐదు తరగతులూ ఆ దారి చుట్టూ చేరాయి. చిన్నవాళ్లు గింజలు లెక్కపెట్టారు, పెద్దవాళ్లు నడకకు ఎన్ని రోజులో కూడారు. ఆ రోజు నుంచి పాఠం తయారుచేసుకునే ముందు, ఇందులో వీళ్లకు ఇదివరకే తెలిసిందేమిటని అడగడం నేర్చుకున్నాను.

నా కర్మకొద్దీ అదే రోజు అధికారి ఒకాయన తనిఖీకి వచ్చాడు. ఫోటోలు తీసుకున్నాడు. నెల తిరగకముందే ఉత్తర్వు వచ్చింది. నల్లగొండలో ఐదు రోజుల శిక్షణ. పిల్లలకు ఆసక్తి కలిగేలా పాఠం చెప్పడమెలాగో నేను తోటి ఉపాధ్యాయులకు నేర్పాలట. పరుగెత్తుకుంటూ ఆయన ఆఫీసుకు పోయాను.

"నేనొస్తే బడి మూతపడ్తది సార్."

"పక్కూరి సారును పంపుతం మేడం."

"ఆయన బడిల కూడ ఆయనొక్కడే."

"ఐదు దినాలే గదా, ఏమైతది? మంచిగ చెప్తరనే గదా మిమ్ముల పిలిచింది!"

మంచిగా చెప్పే మనిషిని పట్టుకుని, ఆ మనిషి బడికే తాళం వేయించడం మా వాళ్లకే చెల్లింది.

నల్లగొండ పోక తప్పలేదు. మొదటి రోజు పక్కూరి సారు వచ్చి, హాజరు తీసుకుని, మధ్యాహ్నం వెళ్లిపోయాడని బడిలో వంటచేసే ఆమె ఫోన్లో చెప్పింది. రెండో రోజు, "తాళం కూడ తియ్యలే మేడం" అంది. సెలవడిగితే ఇవ్వలేదు. చెప్పకుండా పోతే సస్పెన్షన్. అప్పుడొక ఉపాయం తోచింది. రేపు పాఠం ఎంత చెడ్డగా చెప్పాలంటే, వాళ్లే విసిగి నన్ను ఇంటికి పంపేయాలి.

మూడో రోజు కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని గొణుగుతూ చదివాను. బాగానే సాగింది. హాలంతా నిద్రకు జోగుతోంది. అధికారి గడియారం చూసుకుని, పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. ఇంకో పది నిమిషాలు ఓపిక పడితే నాకు విముక్తి. అంతలో ముందు వరుసలో కుర్ర ఉపాధ్యాయుడొకడు నోరంతా తెరిచి ఆవులించాడు.

నా పాఠంలో ఆవులింత! ఒళ్లు మండిపోయింది. కాగితం విసిరికొట్టి, సుద్దముక్క అందుకుని, కుర్చీలు జరిపించి, నేల మీద ఆ పిల్ల దారి గీయడం మొదలుపెట్టాను. కాసేపట్లో హాలంతా ఆ దారి చుట్టూ మోకాళ్ల మీద కూర్చుంది. సాయంత్రం చప్పట్లు ఆగలేదు. అబద్ధమెందుకు, నాకు సంతోషమైంది. ఆ రాత్రి వంటామెకు ఫోన్ చేయలేదు. ఏం చెప్తుందో తెలుసు.

ఆరో రోజు బడికి వచ్చి హాజరు పిలిస్తే ఆ పిల్ల పలకలేదు. ఇంటికి పోయాను. అవ్వ గడపలో కూర్చుని ఉంది.

"పిల్లేది అవ్వా?"

"ఆళ్ల నాయినొచ్చి తోల్కపోయిండు బిడ్డా. ఒకదినమంత బడి తాళం ముంగట కూసున్నది. తెల్లారి నాయినొచ్చిండు. టీచరమ్మ ఇయ్యాల వస్తది, ఇయ్యాల్టికాగు నాయినా అని కాళ్లు పట్టుకున్నది. ఆడు గూడ పొద్దుగూకేదాక ఆగిండు."

నేను ఆ గడపలోనే కూలబడి రోజులు లెక్కపెట్టాను. తండ్రి ఆగింది శిక్షణ మూడో రోజు. ఆ పాఠం చెడగొట్టి ఉంటే మధ్యాహ్నమే పంపేసేవాళ్లు. దేవరకొండ బస్సు దొరికేది. పొద్దుగూకక ముందే వచ్చి ఉండేదాన్ని.