కిరండూల్ తెలుపు

గనులు జోరుగా సాగుతున్న రోజుల్లో కిరండూల్‌లో ఇనుపరాతి కొండను తవ్వి రైలెక్కించేవారు. రైలు దాన్ని విశాఖపట్నం చేర్చేది, అక్కణ్ణుంచి ఓడెక్కి ఎవరి దేశానికో పోయేది. మా నాన్న ఆ రైళ్ళలో గార్డు. ఓడెక్కడానికి ఇష్టపడని ఎర్రదుమ్ము మాత్రం మా రైల్వే క్వార్టర్లలోనే స్థిరపడింది. అన్నంలో, దిండు గలీబుల్లో, బైబిలు పేజీల మధ్యన అన్నిచోట్లా అదే. దేశం బాగుపడుతుంటే మాకు అందిన వాటా అదన్నమాట.

మా అమ్మ ఆ దుమ్ముకు లొంగే మనిషి కాదు. ఆదివారం చర్చికి తెల్లచీర కట్టాల్సిందే. సోడా వేసి ఉడకబెట్టేది, బండకేసి బాదేది, నీలిమందు పెట్టి ఆరేసేది. ఆ తీగ మీద బట్టలు చూసి పొరుగావిడలు కుళ్ళుకునేవారు. "నా సేతి తెలుపు ఈ లైన్లో ఎవరికొస్తాదే!" అని అమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడేది. వంట గురించి ఎవరేమన్నా ఊరుకునేది గానీ ఉతుకు జోలికొస్తే మాత్రం ఊరుకునేది కాదు.

ఆవిడ పెళ్ళిచీర కూడా తెలుపే. నా పెళ్ళికి నేను అదే కట్టుకుని చర్చిలో నడవాలని ఆవిడ కోరిక. ఏటా వానలు వెనకబట్టాక దాన్ని ట్రంకులోంచి తీసి, ఉతికి, ఆరబెట్టి, మళ్ళీ దాచేది.

నేను విశాఖ కాలేజీలో సైకాలజీలో చేరాను. మనుషుల మనసులు చదివేస్తానని వెళితే మొదటి ప్రాక్టికల్‌లో కాగితం ముక్కలు ఏరమన్నారు. పాలలాంటి తెలుపు నుంచి లేత ఎరుపు దాకా కొంచెం కొంచెంగా రంగు మారే ముక్కలు. తెల్లవి ఒక కుప్ప, కానివి ఒక కుప్ప పెట్టాలి. నా తెల్లకుప్ప అందరికంటే ఎత్తుగా లేచింది. లెక్చరర్ గారి ముఖం పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. "ఏ ఊరమ్మా?" అన్నారు. చెప్పాను. ఇక నన్ను బోర్డు పక్కన నిలబెట్టి, రోజూ చూసే రంగునే కన్ను తెలుపుగా లెక్కేసుకుంటుందని, అలా అలవాటుపడిన కన్నుకు ఉదాహరణ ఇదిగోనని, బెత్తంతో నా వైపు చూపించి క్లాసంతా పాఠం చెప్పారు. బెత్తం నా కంటికి తగలనందుకు దేవుడికి స్తోత్రం.

విశాఖలో కొన్నాళ్ళున్నాక మళ్ళీ ఏరమంటే నా కుప్ప అందరిలాగే వచ్చింది. "పాడైపోయావమ్మా," అన్నారాయన నిజంగా బాధపడుతూ. నా మిగతా చదువు మీద ఆయనకు అంత శ్రద్ధ ఎప్పుడూ కలగలేదు.

చదువు పూర్తవుతుండగా విశాఖలోనే సంబంధం కుదిరింది. కాబోయే అత్తగారు ఎదుటివాళ్ళ జాకెట్టు మీద వేలాడే దారప్పోగును వీధి అవతల్నుంచే పట్టేయగలరు. అప్పుడు నాకు ఆ ఎర్రదుమ్ములో ఏటా ఉతికి ఆరేసిన అమ్మ చీర గుర్తొచ్చింది. నేనది కట్టుకుని వెళితే, ఈ ఊరి కళ్ళ ముందు అమ్మ గొప్ప రెండు నిమిషాల్లో గంగలో కలుస్తుంది. ముందే చెప్పేయాలనుకుని, ల్యాబులోంచి ఒక అసలైన తెల్లకాగితం ముక్క పుస్తకంలో పెట్టుకుని రైలెక్కాను.

ఇంటికెళ్ళగానే అమ్మ చీర తీసి చూపించింది. పల్చటి టీ రంగులో ఉంది. చెబుదామని నోరు తెరిచేలోగా చేపల పులుసు వడ్డించింది. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడూ అనుకున్నాను. ధైర్యం కూడగట్టుకునేసరికి సెలవులు గడిచిపోవచ్చాయి, చీర నాకే తెల్లగా కనిపించడం మొదలుపెట్టింది! నేను చదివిన శాస్త్రం నా మీదే పనిచేస్తోంది. ఆఖరి ఆయుధంగా కాగితం తీసి చీర పక్కన పెట్టాను. అమ్మ పరీక్షగా చూసింది.

"ఏటే ఈ కాయితం, ఇలా నీలంగా ఏడిసింది? మంచిది దొరకనేదేటి మీ కాలేజీలో?"

సిగ్గుచేటు ఏమిటంటే, నాకూ అది నీలంగానే ఉంది.

పెళ్ళికి ముందే అందరం విశాఖలో పెద్దమ్మ ఇంట్లో దిగాం. పెళ్ళిపనులతో రోజులు గడిచాయి. ఒక ఉదయం అమ్మ ఇస్త్రీ కోసం వరండాలో చీర విప్పింది. చీర చూసింది, పెద్దమ్మ ఆరేసిన బట్టలు చూసింది, మళ్ళీ చీర చూసింది.

"ఇదేటే ఎర్రగుంది? ట్రంకు తుప్పు పట్టీసిందేటి?"

అమ్మ నా వైపు తిరిగింది.

"అక్కడా ఇలాగే ఉండీదా?"

"ఉండేదమ్మా. అక్కడ మన కళ్ళకి తెలిసేది కాదు."

ఇక లెక్చరర్ గారు నాలో పూనారు. కన్ను, అలవాటు, కాగితాల కుప్పలు అంతా ఏకరువు పెట్టాను. అమ్మ చీర మడతపెడుతూ చివరిదాకా వింది. "బాగా సెప్పినారు సదువు," అంది. లోపలికి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అత్తగారి వల్ల జరుగుతుందని నేను భయపడ్డది, ఆవిడ అవసరమే లేకుండా నా నోటితోనే జరిగిపోయింది. ఆ పూట నాకు నా చదువంటే అసహ్యం వేసింది.

మగపెళ్ళివారే నాకు కొత్తచీర కొన్నారు, మంచులా తెల్లటిది. అమ్మ ఏ పేచీ పెట్టకుండా నాకు కట్టి, ముసుగు సర్ది, "నువ్వు నడు, నేనొస్తాను," అంది.

నాన్న చెయ్యి పట్టుకుని చర్చిలో ముందుకు వెళ్ళి నిలబడ్డాను. ఆఖరున అమ్మ వచ్చింది. రెండు పక్కలా వరసల నిండా తెల్లచీరలు, మధ్య దారిలో అమ్మ. కట్టుకున్నది ఆ పెళ్ళిచీరే, గంజి పెట్టి, మడత నలగకుండా. తలవంచకుండా నడిచొచ్చి మా అత్తగారి పక్కనే కూర్చుంది.

అత్తగారి కళ్ళు చీర కొంగు నుంచి కుచ్చిళ్ళ దాకా దిగాయి. "చీర బావుంది వదినా. ఏం రంగంటారు దీన్ని?" అన్నారు, ముందు వరసంతా వినేలా.

"తెలుపే వదినా," అంది అమ్మ. "నేనే ఉతికాను."

అత్తగారు తన కొంగు సర్దుకున్నారు. ముసుగులో నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పాస్టరుగారు పుట్టింటి మీద బెంగనుకుని కాసేపు ఆగారు. నాకైతే మా అమ్మను చూసి ఒళ్ళంతా గర్వంగా ఉంది.