స్టాఫ్ చుట్టాలకు ప్రవేశం లేదు

2023 మే 14, ఆదివారం ఉదయం పదకొండు గంటలకు ఇది మొదలైంది. సీతాఫల్‌మండిలో ఒక కళాశాల వేసవి శిక్షణ తరగతులకు నేను హాస్టల్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ని నేనొక్కణ్నే. నాకు విడిగా గది ఇచ్చారనీ, పిల్లలు సార్ అని పిలుస్తారనీ చెప్పినప్పటి నుంచి ఆ గదిని ఒకసారి చూడాలని నాన్న ఆశపడుతున్నాడు. ఆయన బోయిన్‌పల్లి మార్కెట్‌లో హమాలీ. ఆ రోజు పని ముగించి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచిలో మామిడిపండ్లతో వచ్చాడు.

చీఫ్ వార్డెన్ ఆయనను గేటు దగ్గరే ఆపాడు. స్టాఫ్ చుట్టాలకు ప్రవేశం లేదన్నాడు. అంతటితో ఆగి ఉంటే నేను మరచిపోయేవాణ్ని. పిల్లలు, ఆదివారం వాళ్ళను చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు వింటుండగా నావైపు తిరిగి, “నువ్వు పిల్లలకు సారువి. ఇట్లాంటోళ్ళతోని గేటు కాడ నిలబడితే రేపు నిన్నెవడు లెక్కచేస్తడు?” అన్నాడు.

నాన్న సంచి నా చేతికిచ్చాడు. “లొల్లి వద్దు బిడ్డా. ఇంకోపారి చూస్తలే.”

ఆ పండ్లు పిల్లలకు పంచాను. వారమంతా హాజరు తీసుకుంటున్నా, కూలర్లలో నీళ్ళు పోయిస్తున్నా ఒకే వాక్యాన్ని మనసులో సానపెట్టుకున్నాను. ఆదివారం మెస్‌లో బగారా అన్నం, కోడికూర. ఆ పూటకు చీఫ్ వార్డెన్ బామ్మర్ది భార్యాపిల్లలతో కారులో దిగడం, అందరికంటే ముందు వాళ్ళకు వడ్డన జరగడం అక్కడి ఆనవాయితీ. తరువాతి ఆదివారం గేటు డ్యూటీ నాకివ్వమని అడిగి తీసుకున్నాను.

కారు వచ్చింది. నేను గేటు తీయలేదు. నిబంధన చెప్పాను, ఎంతో మర్యాదగా. బామ్మర్ది ఫోన్ చేశాడు. ఎండలో వరుస కట్టిన తల్లులలో ఒకామె, “ఇయ్యాల కోడికూర గద, ఆగుతదా పానం?” అంది. వరుసంతా నవ్వింది.

చీఫ్ వార్డెన్ పరుగున వచ్చి, నా చెవి దగ్గర, “నా బామ్మర్ది అని ఎరికలేదా నీకు?” అన్నాడు.

“ఎరికే సార్,” అందరికీ వినబడేలా అన్నాను. “మీరు చెప్తే ఇప్పుడే లోపలికి పంపిస్తా. మా నాన్నను సుత పిలిపిస్తా. చుట్టాలంటే అందరూ చుట్టాలే గద సార్.”

అతడు వరుసను చూశాడు, నన్ను చూశాడు. ఒక హమాలీని లోపలికి రానివ్వడం కంటే బామ్మర్దిని వెనక్కి పంపడమే అతనికి తేలికగా తోచింది. కారు వెనక్కి తిరుగుతుంటే అందులోని పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. నాకు జాలి కలగలేదు.

ఆ సాయంత్రమే నన్ను పని నుంచి తప్పించి గది ఖాళీ చేయించారు. బామ్మర్ది కుటుంబం మళ్ళీ ఆ మెస్‌కు రాలేదని తరువాత తెలిసింది; అందుకు నాకిప్పటికీ సంతోషమే. నాన్న ఆ గదిని చూడలేదు.